అణు సంక్షోభాన్ని తరగతి గదిలో నేర్పనివ్వండి

తెలంగాణ ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి,

నమస్కారం. మేం అంతర్జాతీయ సంబంధాలు బోధించే అధ్యాపకులం. అణ్వస్త్ర నిరోధ సిద్ధాంతాన్ని (అణు ఎదురుదాడి భయమే శత్రువును ఆపుతుందనే వాదనను) విద్యార్థులు పరీక్షలో చక్కగానే రాస్తున్నారు. అరకొర సమాచారంతో, సమయం మించిపోతుండగా నిర్ణయం తీసుకోవడమంటే ఏమిటో మాత్రం ఉపన్యాసం వింటే తెలియదు. అందుకే రాజనీతిశాస్త్రం సిలబస్‌లో ఒక మూడు గంటల సిమ్యులేషన్ (పాత్రలు పంచుకుని సంక్షోభాన్ని ఆడి చూసే అభ్యాసం) చేర్చమని కోరుతున్నాం.

సందర్భం మన దగ్గరే ఉంది. 2022 మార్చి 9న మన క్రూయిజ్ క్షిపణి (విమానంలా గాలిలోనే ఎగురుతూ వెళ్లేది) ఒకటి పొరపాటున ప్రయోగమై పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. ప్రాణనష్టం లేదు. మర్నాడు పాకిస్తాన్ సైన్యం విలేకరుల సమావేశం పెట్టింది. అది పొరపాటేనని మన రక్షణ శాఖ 11న ప్రకటించింది. విద్యార్థులు తర్కించాల్సింది ఈ మధ్యలోని మౌనం గురించే.

ముప్పై మంది తరగతిలో భారత్, పాకిస్తాన్ బృందాలకు తొమ్మిదేసి మంది, అమెరికాకు నలుగురు, మీడియాకు ముగ్గురు, ఆట నడిపే కంట్రోల్‌కు ఐదుగురు చాలు. పాత్రలు చీటీ తీసి ఇవ్వాలి. లేకపోతే పాకిస్తాన్ వైపు ఎవరూ కూర్చోరు, కూర్చున్నా సినిమా విలన్‌లా ఆడతారు. ఆ బృందానికి ఇచ్చే పత్రం వాళ్ల భయాలను వాళ్ల వైపు నుంచే చెప్పాలి: సంప్రదాయ బలగాల్లో భారత్‌ది పైచేయి, తామేమో మొదట అణ్వస్త్రం వాడబోమని మాట ఇవ్వలేదు.

ఫోన్లు బయట పెట్టించాలి. ప్రతి సందేశం నలభై మాటలకు మించని చీటీ మీద, టైము వేసి, కంట్రోల్ ద్వారానే వెళ్లాలి. కంట్రోల్ దాన్ని పది నిమిషాలు ఆపి ఇస్తుంది. ఈ ఆలస్యం తీసేస్తే ఆట మామూలు చర్చగా మారిపోతుంది. 1962లో క్యూబాలోని సోవియట్ క్షిపణులపై వచ్చిన సంక్షోభంలో మాస్కో, వాషింగ్టన్ సందేశాలకు గంటలు పట్టబట్టే మరుసటి ఏడాది రెండు రాజధానుల మధ్య నేరుగా సందేశాలు పంపే హాట్‌లైన్ వచ్చింది.

మొదటి చీటీ పాకిస్తాన్‌కు: ‘సూపర్‌సోనిక్ వస్తువు మన భూభాగంలో పడింది. రెండోది వస్తుందో లేదో తెలియదు.’ అదే నిమిషంలో భారత వైమానిక దళాధిపతి పాత్రధారికి మాత్రమే: ‘మన క్షిపణి వెళ్లిపోయింది. కారణం తెలియదు.’ ఆ విద్యార్థి ప్రధానికి ఎప్పుడు చెబుతాడు? ప్రధాని అవతలివారికి ఎప్పుడు చెబుతారు? ‘పూర్తి వివరాలు వచ్చాక చెబుదాం’ అనడం అందరికీ సహజంగా తోచే జవాబు, అత్యంత ప్రమాదకరమైనదీ అదే. ఈలోగా పాకిస్తాన్ బలగాలను అప్రమత్తం చేస్తుంది. ఆ కదలికనే భారత్ బృందం దాడికి సన్నాహంగా చదువుకుంటుంది.

ఆట తొంభై నిమిషాలు, ముందు పాత్రల పరిచయానికి అరగంట. మిగతా గంటంతా సమీక్షకే, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కుదించకూడదు. చీటీలన్నీ టైము ప్రకారం గోడకు అంటించి, ఏ చీటీని ఎవరు ఎలా అర్థం చేసుకున్నారో రెండు వైపులా చెప్పించాలి. ఆ తర్వాత అసలు ఒప్పందాలు చదివించాలి. క్షిపణి పరీక్షల గురించి ముందుగా తెలిపే 2005 భారత్-పాకిస్తాన్ ఒప్పందం బాలిస్టిక్ క్షిపణులకే (పైకి దూసుకెళ్లి వంపుదారిలో కిందపడేవాటికే) వర్తిస్తుంది, క్రూయిజ్‌కు కాదు. 2007 ఒప్పందం అణ్వాయుధాల ప్రమాదాల గురించి, మామూలు క్షిపణి పొరపాటున వెళ్లిపోవడం గురించి కాదు. ఈ ఖాళీని పూడ్చే ఒక నిబంధనను ప్రతి విద్యార్థీ ఒక పేజీలో రాయాలి. ఇంటర్నల్ మార్కులు ఆ పేజీకే వేయాలి. గెలుపుకు మార్కులు పెడితే సమాచారం దాచిపెట్టినవాళ్లకే లాభం.

కావలసింది కొత్త పేపర్ కాదు. సెమిస్టర్‌లో ఒకసారి వరుసగా మూడు పీరియడ్లు, అధ్యాపకులకు రెండు రోజుల శిక్షణ, పాత్రల పత్రాలు, ఒప్పందాల పాఠాలు తెలుగులో. తెలుగు మీడియం విద్యార్థులు చేతికొచ్చిన చీటీని అనువదించుకుంటూ కూర్చుంటే మేం పెట్టిన పది నిమిషాల ఆలస్యం వాళ్లకు ఇరవై అవుతుంది. కాబట్టి ముందుగా ఆ అనువాదాల పని మొదలుపెట్టించండి.

ఇట్లు,
అంతర్జాతీయ సంబంధాల అధ్యాపకులు