కట్టెల స్టవ్‌ను సెంట్రల్ హీటింగ్‌కు ప్రమాదకరంగా కలపడంపై ఫిర్యాదు

లీడ్స్, ఇంగ్లండ్

మేనేజర్ గారికి,

విషయం: మీరు బిగించిన 13 కిలోవాట్ల బాయిలర్ స్టవ్ (కట్టెల మంటతో రేడియేటర్లకు నీళ్లు కాచే స్టవ్)

ఆర్యా,

ధర మాట్లాడుకున్న రోజు నుంచీ మీ సంస్థతో వ్యవహారమంతా తెలుగులోనే సాగింది కనుక ఈ ఫిర్యాదునూ తెలుగులోనే రాస్తున్నాను. ఇళ్ల పనులు నిబంధనల ప్రకారం జరిగాయో లేదో చూసే బిల్డింగ్ కంట్రోల్ వారికి ఇంగ్లీషులో విడిగా రాశాను.

జనవరిలో ఒక రాత్రి స్టవ్ నిండా కట్టెలు మండుతుండగా మా వీధికి కరెంటు పోయి, నీళ్లను తిప్పే పంపు ఆగిపోయింది. కాసేపటికే గోడలోని పైపులు దడదడమన్నాయి, ప్రెజర్ గేజ్ ముల్లు 3 బార్లకు చేరింది, పెరటివైపు సేఫ్టీ వాల్వ్ గొట్టం నుంచి ఆవిరి చిమ్మింది. మా అత్తగారు పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్లారు. మర్నాడు ఫోన్ చేస్తే, కరెంటు లేనప్పుడు కట్టెలు వేయవద్దని మీ సిబ్బంది సలహా ఇచ్చారు. కరెంటు ముందుగా చెప్పి పోదు కదా!

గ్యాస్ బాయిలర్ థర్మోస్టాట్ ఆదేశంతో ఆరిపోతుంది, అంటుకున్న కట్టె ఆరదు. అందుకే పంపు నడవకపోయినా వేడి దానంతటదే బయటికి పోయేలా, స్టవ్ నుంచి ఎక్కడా కిందికి దిగకుండా పైకెక్కే 28 మిల్లీమీటర్ల రాగి పైపులు, వాటికి వేడి నీళ్ల సిలిండర్, ఎప్పుడూ మూసుకోని ఒక రేడియేటర్, అటక మీద నీళ్లు అందించే ఫీడ్ ట్యాంకు, మధ్యలో ఏ వాల్వూ లేకుండా ఆ ట్యాంకు మీదికి తెరుచుకునే వెంట్ పైపు ఉండాలి. ఇలా వెంట్ పైపు తెరిచి ఉండే ఓపెన్ వెంట్ సిస్టమ్‌కే కలపాలని మా స్టవ్ మాన్యువల్‌లోనూ స్పష్టంగా ఉంది. మీరు మాత్రం 22 మిల్లీమీటర్ల పైపులతో దాన్ని నేరుగా గ్యాస్ కాంబి బాయిలర్ (ఇంటి హీటింగ్‌కూ, కుళాయి వేడి నీళ్లకూ ఒకటే బాయిలర్) సీల్డ్ సర్క్యూట్‌లోకి, అంటే బయటికి తెరుచుకోని పైపుల వలయంలోకి కలిపేశారు. అదనపు వేడిని వదిలేందుకని మీ బిల్లులో రాసిన హాలు రేడియేటర్‌కు థర్మోస్టాటిక్ వాల్వ్ బిగించారు. హాలు వెచ్చబడగానే అది మూసుకుంటుంది, అంటే వేడి బయటికి పోవలసిన సమయంలోనే దారి మూస్తుంది. వెయిట్‌ను కట్టేసిన కుక్కర్‌ను పొయ్యి మీద పెట్టడానికీ దీనికీ నాకు తేడా కనిపించడం లేదు.

ఇంగ్లండ్‌లో 2010 అక్టోబరు నుంచి తప్పనిసరైన కార్బన్ మోనాక్సైడ్ అలారం మీరు పెట్టలేదు, నేనే కొని పెట్టుకున్నాను. మాలాంటి పాత ఇళ్లలో 5 కిలోవాట్లు దాటిన ప్రతి కిలోవాట్‌కు 550 చదరపు మిల్లీమీటర్ల చొప్పున, అంటే మా స్టవ్‌కు 4,400 చదరపు మిల్లీమీటర్ల శాశ్వత గాలి మార్గం మంట కోసం ఉండాలి. గోడలో అసలు రంధ్రమే లేదు. పని నిబంధనల ప్రకారం జరిగిందన్న సర్టిఫికెట్ ఎన్నిసార్లు అడిగినా రాలేదు.

కాబట్టి హెటాస్‌లో (కట్టెల స్టవ్‌లు బిగించేవారిని నమోదు చేసే సంస్థ) నమోదైన ఇన్‌స్టాలర్‌ను మీ ఖర్చుతో పంపి, ప్రస్తుత కనెక్షన్ తీయించి, ఓపెన్ వెంట్ సర్క్యూట్‌గానో థర్మల్ స్టోర్ (వేడిని నిల్వ చేసే నీళ్ల ట్యాంకు) ద్వారానో మళ్లీ కలిపించి, గాలి మార్గం ఏర్పాటు చేసి, సర్టిఫికెట్ ఇప్పించాలి. అది కుదరకపోతే బిగించినందుకు తీసుకున్న మొత్తం వాపసు ఇవ్వాలి. రెండింటిలో ఏది చేస్తారో 14 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. పైపులు, రేడియేటర్ వాల్వ్, గేజ్‌ల ఫొటోలు జతచేశాను. ఈ పని పూర్తయ్యేదాకా స్టవ్ వెలిగించబోము.

ఇట్లు,
మీ వినియోగదారుడు