కుట్టకుండా చేయడమంటే అతికించడమేనా?

సంపాదకులకు నమస్కారం.

సూదిదారం లేకుండా ఇంట్లోనే గుడ్డముక్కలతో క్రిస్మస్ అలంకరణలు చేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను 31 ఏళ్లు కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని. రెండేళ్లుగా వేళ్ల కణుపులు వాచి, సూదిలో దారం ఎక్కించడమే కష్టమైపోయి, మిషనుకు ముసుగు వేసేశాను. అందుకే ఆ వ్యాసం నా కోసమే రాశారనిపించి ఆశగా చదివాను. తీరా చూస్తే అందులో చెప్పిన నాలుగు వస్తువులకూ ఒకటే పద్ధతి: గుడ్డ కత్తిరించండి, గ్లూ గన్‌తో (జిగురును వేడిచేసి కరిగించి కార్చే పరికరం) అతికించండి. కుట్టు లేకపోతే గుడ్డకు జిగురు తప్ప గతి లేదన్నట్టు రాశారు. గుడ్డపని తెలిసినదానిగా ఈ మాట నేను ఒప్పుకోలేను. గుడ్డను ముడి వేయవచ్చు, మడవవచ్చు, గాడిలోకి దూర్చి బిగించవచ్చు. వీటిలో దేనికీ సూది అక్కర్లేదు, జిగురూ అక్కర్లేదు.

ముందు మీరు చెప్పినట్టే చేశాం. తొమ్మిదేళ్ల మా మనవరాలు, నేను కలిసి థర్మోకోల్ బంతికి ఎర్ర గుడ్డ అతికించబోయాం. జిగురు పడినచోటల్లా బంతి లోపలికి కుంగిపోయింది. మూడో ముక్క దగ్గర పాప వేలికి జిగురు అంటుకుని బొబ్బ లేచింది. తక్కువ వేడితో పనిచేసే గ్లూ గన్ కూడా 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, ఎక్కువ వేడివి 190 డిగ్రీల దాకా పోతాయి. థర్మోకోల్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడే పదార్థం. పిల్లలతో కలిసి చేసుకోండని రాసిన వ్యాసంలో ఈ రెండు ముక్కలూ లేకపోవడం నాకు బాధ కలిగించింది.

మర్నాడు అలాంటి బంతినే ఇంకోటి తీసుకుని దూర్చే పద్ధతిలో చేశాం. మూడంగుళాల బంతి మీద పైనుంచి కిందికి, నారింజ తొనల్లాగా ఎనిమిది భాగాలు వచ్చేటట్టు పెన్సిలుతో గీతలు గీయాలి. ఆ గీతల వెంట చాకుతో అర అంగుళం లోతు గాట్లు పెట్టాలి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. తొన ఆకారంలో కాగితం కత్తిరించుకుని, దానికంటే చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉండేలా గుడ్డ కత్తిరించుకోవాలి. గుడ్డను తొన మీద పరిచి, అంచును గోళ్లు రాసుకునే ఆకురాయితో గాటులోకి నొక్కితే చాలు, అక్కడే పట్టుకుని ఉండిపోతుంది. పక్క తొన గుడ్డ కూడా అదే గాటులోకి దిగి, రెండూ ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. పావు అంగుళం కంటే ఎక్కువ వదిలితే గాటు ఉబ్బుతుంది, తక్కువైతే గుడ్డ జారి బయటికి వస్తుంది. మొదటి బంతికి మాకు గంటన్నర పట్టింది. రెండోది పాప తనే నొక్కింది, నేను గాట్లు మాత్రం పెట్టి ఇచ్చాను.

ఇదేదో కుట్టు రానివాళ్ల కోసం పుట్టిన చిట్కా అనుకుంటారేమో. జపానులో కిమెకోమి అనే బొమ్మల కళకు ఇదే ప్రాణం. 18వ శతాబ్దంలో క్యోటోలోని కమిగామో ఆలయంలో పనిచేసే ఒకాయన మిగిలిపోయిన విల్లో కర్రముక్కలను బొమ్మలుగా చెక్కి, వాటికి గాడులు తీసి, గుడ్డపీలికల అంచులు అందులోకి దూర్చి బట్టలు తొడిగాడని చెబుతారు. ఆ పేరుకే దూర్చి బిగించడమని అర్థం. ఈ సంగతి తెలిశాక నేను మిషను మానేసిన దిగులు చాలావరకు తగ్గింది.

ముడి పని ఇంకా తేలిక. తలుపుకు తగిలించే రీత్ (గుండ్రటి దండ) కోసం 12 అంగుళాల తీగ చట్రం తీసుకుని, అంగుళం వెడల్పు, ఆరంగుళాల పొడవు పీలికలు దాని చుట్టూ ముడి వేస్తూ దగ్గరగా జరుపుకుంటూ పోవడమే. మాకు 160 పీలికలు పట్టాయి. ఇక్కడ కత్తెర కూడా వద్దంటాను. నూలుగుడ్డ అంచున చిన్న గాటు పెట్టి లాగితే నేత వెంట తిన్నగా చిరుగుతుంది. చిరిగిన అంచున లేచే పోగుల వల్ల రీత్‌కు మెత్తని నిండుతనం వస్తుంది. కత్తిరించిన పీలికలతో అది రాదు. మావారి పాత గళ్ల చొక్కా, పాప చిన్నప్పటి ఆకుపచ్చ గౌను, ఒక దిండు గలీబు అందులో చేరాయి. ఆ గౌను కుట్టింది నేనే. చింపేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది. ఇప్పుడది పెట్టె అడుగున కాక కళ్లెదుట ఉంది.

గుడ్డ ఎంపిక గురించి మీ వ్యాసం ఒక్క వాక్యంతో సరిపెట్టింది. నిజానికి పని కుదరడం, కుదరకపోవడం అంతా అక్కడే ఉంది. సాటిన్ గాటులో నిలవదు, ముడి జారిపోతుంది. సాగే గుడ్డ బంతి మీద ముడతలు లేకుండా కూర్చుంటుంది కానీ తిన్నగా చిరగదు. ఫెల్ట్ అనేది నేసిన గుడ్డ కాదు, పోగులను నొక్కి దట్టంగా చేసినది కాబట్టి దాని అంచున పోగులు లేవవు. నక్షత్రాలు, చిన్న చెట్ల ఆకారాలు కత్తిరించడానికి అదే మంచిది. నూలుగుడ్డతోనే ఆకారాలు కావాలంటే గంజి పెట్టి ఇస్త్రీ చేసి కత్తిరిస్తే అంచు నిలుస్తుంది. ఏ గుడ్డయినా కొవ్వొత్తులకు దూరంగా ఉండాల్సిందే. నూలు త్వరగా అంటుకుంటుంది, పాలియెస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

జిగురు మీద నాకు పగ లేదు. అట్టముక్కకు ఫెల్ట్ అంటించాలంటే తెల్ల జిగురు చుక్క నేనూ వాడతాను. కానీ వేడి జిగురుతో అతికించిన గుడ్డను ఊడదీస్తే ముద్దలు కట్టి ఎందుకూ పనికిరాదు. ముడి వేసిన పీలికను విప్పి, ఉతికి, వచ్చే ఏడు మరో ఆకారం చేసుకోవచ్చు. బంతి మీద గుడ్డ వెలిసిపోతే ఒక్క తొన లాగేసి కొత్తది దూర్చవచ్చు.

ఈ పద్ధతులను బొమ్మలతో సహా ప్రచురించండని నా విన్నపం. కొలతలు అంగుళాల్లోనూ సెంటీమీటర్లలోనూ ఇవ్వండి. మా పాప స్కేలు మీద సెంటీమీటర్లే ఉన్నాయి. పావు అంగుళమంటే ఎంతని నన్ను నాలుగుసార్లు అడిగింది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు, ఒకప్పటి దర్జీ