సుధ గురించి, శీనుకి

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్‌లో నాలుగు ముక్కలు మాట్లాడి వదిలేసే విషయం కాదిది, అందుకే కూర్చుని రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

పాప పుట్టి నెల దాటినా సుధ రోజూ ఏడుస్తోందని, పాపని ఎత్తుకోవడానికి భయపడుతోందని, పాప పడుకున్నా తనకి నిద్ర పట్టడం లేదని చెప్పావు. మీ అత్తగారు దిష్టి తీస్తున్నారు, మీ అమ్మగారేమో "మేమంతా కనలేదా" అంటున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకి తెలిసిన దారి అది. కానీ చివర్లో నువ్వు "హార్మోన్లే కదరా, అవే సర్దుకుంటాయి" అన్నావు చూడు, అది నాకు అస్సలు మింగుడు పడలేదు.

కాన్పయిన కొత్తల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. సుధది ఆ గీత దాటేసింది, ఇది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చని నా అనుమానం.

నేను డాక్టర్ని కాదు, ఇక్కడ బెంగళూరులో ఎలుకల మెదళ్లతో పనిచేసేవాణ్ణి. కానీ హార్మోన్లు మెదడుని ఏం చేస్తాయన్నదే మా రోజువారీ చర్చ కాబట్టి చెబుతున్నా. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ మామూలు కంటే ఎన్నో రెట్లు పెరుగుతాయి, మాయ పడిపోయాక కొద్ది రోజుల్లోనే కిందికి వచ్చేస్తాయి. ప్రొజెస్టెరాన్ నుంచి శరీరం అల్లోప్రెగ్ననొలోన్ అనే ఇంకో పదార్థం తయారు చేసుకుంటుంది. మెదడులో నరాల హడావుడిని నెమ్మదింపజేసే గాబా రిసెప్టర్ల మీద అది పనిచేస్తుంది. నెలల తరబడి దానికి అలవాటు పడ్డ మెదడుకి అది ఒక్కసారిగా తగ్గిపోతే ఎలా ఉంటుందో ఆలోచించు.

మరి అందరు తల్లులకీ హార్మోన్లు పడిపోతాయి కదా, అందరూ ఇలా అవ్వరేం అంటావు. మీ అమ్మగారు అడుగుతున్నదీ అదే. దీనికి నాకు బాగా నచ్చిన జవాబు 2000లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో ఉంది. కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్లని 8 మందిని, ఎప్పుడూ రానివాళ్లని 8 మందిని తీసుకున్నారు. అప్పటికి వాళ్లెవరూ గర్భవతులు కారు. వాళ్ల సొంత హార్మోన్లని మందుతో ఆపి, బయటి నుంచి ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ పెద్ద మోతాదులో ఎనిమిది వారాలు ఇచ్చి, తర్వాత ఒక్కసారిగా ఆపేశారు. మొదటి గుంపులో 5 మందికి మనసు కుంగిపోయింది, రెండో గుంపులో ఒక్కరికీ కాలేదు. చిన్న పరిశోధనే, కానీ చూడు, రెండు గుంపులకీ హార్మోన్లు పడింది ఒకేలా, దాన్ని తట్టుకునే తీరు మాత్రం మెదడు మెదడుకీ వేరు. మీ అమ్మగారికి ఏమీ కాలేదంటే అది ఆవిడ గట్టితనం కాదు, సుధకి అయిందంటే అది సుధ చేతకానితనమూ కాదు. ఈ మాట మీ ఇంట్లో నువ్వే చెప్పాలి, సుధ వినేలా చెప్పాలి.

ఈ దారిలోనే మందు కూడా వచ్చింది. ఆ అల్లోప్రెగ్ననొలోన్‌నే 60 గంటల పాటు సెలైన్‌లా ఎక్కించే చికిత్సకి 2019లో అమెరికాలో అనుమతి ఇచ్చారు, అదే తరహాలో పనిచేసే 14 రోజుల మాత్రకి 2023లో ఇచ్చారు. సుధకి అవే కావాలని కాదురా. మనకి దొరికే మామూలు మందులూ, కౌన్సెలింగూ చాలామందికి పనిచేస్తాయి, పాలిచ్చే తల్లికి ఏది ఇవ్వొచ్చో సైకియాట్రిస్టులకి తెలుసు.

ఆలస్యం వద్దని ఎందుకంటున్నానంటే, ఇక్కడి ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థలో సుమంత్ర ఛటర్జీ బృందం ఎలుకల మీద చేసిన పని ఒకటుంది. రోజుకి 2 గంటల చొప్పున 10 రోజులు ఒత్తిడి పెడితే జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో నరాల కొమ్మలు కుంచించుకుపోయాయి, భయానికి కేంద్రమైన అమిగ్డలాలో మాత్రం పెరిగాయి. 2002లో ప్రచురించారు. ఆ తర్వాత 21 రోజులు విశ్రాంతి ఇచ్చి చూస్తే హిప్పోకాంపస్ కోలుకుంది, అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు అలాగే ఉన్నాయి. ఎలుకలు వేరు, మనుషులు వేరు, నిజమే. అయినా "అదే సర్దుకుంటుంది" అనే మాట నా నోట రాకపోవడానికి కారణం ఇదే.

ఇంకోటి, థైరాయిడ్ టెస్టు చేయించు. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ దెబ్బతింటుంది, అప్పుడూ నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి. ఆ రిపోర్టులో టీఎస్‌హెచ్ అని ఉంటుంది కదా, థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ అది, దాన్ని విడుదల చేసేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, ఆ పిట్యూటరీకి ఆర్డర్ వేసేది మెదడులోని హైపోథలమస్. ఆ ఆర్డర్ మోసే రసాయనాన్ని పట్టుకోవడానికి గిలెమిన్, షాలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పోటీపడి లక్షల గొర్రెల, పందుల మెదడు ముక్కలు వడగట్టారు, 1969లో దాని నిర్మాణం తేలింది. రక్తంలో ఇంత సూక్ష్మంగా ఉండే హార్మోన్లని కొలిచే పద్ధతి రోజలిన్ యాలోది. ముగ్గురికీ 1977లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు మీ వీధి చివర ల్యాబ్‌లో అయిపోయే పనిరా, వెళ్లండి.

ముందు మీ ఊళ్లోనే సైకియాట్రిస్టుకి చూపించు. రాత్రిపూట ఏమీ తోచకపోతే 14416కి ఫోన్ చెయ్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని గానీ, పాపకి ఏదైనా చేస్తానేమోనని గానీ సుధ అన్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా, తెల్లారే దాకా ఆగకు, అప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్లు. ఇక్కడికి రావాల్సి వస్తే నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో తల్లీబిడ్డల్ని కలిపే ఉంచి చూసే వార్డు ఉంది, పాపని విడిచి ఉండాలన్న బెంగ అక్కర్లేదు. మా ఇల్లు బీటీఎంలోనే కదా, అక్కడికి దగ్గరే. పై గది ఖాళీ చేయించి పెడతా, వంట సంగతి మా అమ్మ చూసుకుంటుంది.

రాత్రిళ్లు ఒక పూట పాపని నువ్వు చూసుకో, సుధని నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్రపోనివ్వు. ఇది రేపటికి వాయిదా వెయ్యకు. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పటికి దొరికిందో మెసేజ్ పెట్టు, ఆదివారం నేనే ఫోన్ చేస్తా, చెల్లెమ్మకి ఇష్టమైతే తనతో కూడా మాట్లాడతా.

నీ
రవి