ఉసిక్‌ని ఎన్నో స్థానంలో నిలబెట్టాలి

బిడ్డా,

నీ వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్‌ని మించిన హెవీవెయిట్ ఇంతవరకూ పుట్టలేదని, మహమ్మద్ అలీ ఇవాళ రింగులోకి దిగితే అతని ముందు ఆరు రౌండ్లు కూడా నిలబడడని అన్నావు. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. అందుకే రాస్తున్నాను. నింపాదిగా చదువు.

ముందే చెప్తున్నా, ఉసిక్ అంటే నాకూ చాలా ఇష్టం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గోల్డ్ గెలిచి రింగులోనే వాళ్ల హొపాక్ డాన్స్ వేశాడు చూడు, ఆ రోజు నుంచి అతని ఫైట్లు వదలకుండా చూస్తున్నాను. కాబట్టి అతన్ని తగ్గించడానికి రాస్తున్నానని అనుకోకు. కానీ అందరికంటే గొప్పవాడు అనే మాట ఊరికే అనేది కాదు. దానికి లెక్క ఉండాలి.

స్కూల్లో పీఈటీగా చేస్తూ జిల్లా పోటీలకూ రాష్ట్ర పోటీలకూ జడ్జిగా కూర్చున్నదాన్ని. అక్కడ మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. తగిలిన పంచ్‌కే పాయింటు. గట్టిగా విసిరినా గ్లవ్స్ మీద పడితే పాయింటు లేదు. ఆ అబ్బాయి పోయినసారి బాగా ఆడాడు కదా అని ఈసారి కలపకూడదు. మన నిజామాబాద్ పిల్ల నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ ఛాంపియన్ అయినప్పుడు ఫైనల్లో అయిదుగురు జడ్జీలూ ఆమెకే ఇచ్చారంటే, తగిలిన పంచ్‌లు అంత స్పష్టంగా కనిపించాయి కాబట్టి. పాత ఛాంపియన్లనీ ఇప్పటివాళ్లనీ పోల్చేటప్పుడు కూడా నేను ఇదే పట్టుకుంటాను. అలీ, ఉసిక్ ఎదురెదురుగా నిలబడలేదు, ఇక నిలబడరు. ఆ ఫైట్‌కి కార్డు, అంటే జడ్జి రాసే పాయింట్ల కాగితం, రాయడం ఎవరి తరమూ కాదు. నీ ఊహలో ఉసిక్ గెలుస్తాడు, నా ఊహలో అలీ గెలుస్తాడు, తెల్లారేదాకా కొట్లాడుకున్నా తేలదు. తన కాలంలో ఎవరెవరు ఎదురొచ్చారు, వాళ్లు ఆ రోజు ఎలాంటి ఊపులో ఉన్నారు, వాళ్లని ఏం చేశాడు... రాయగలిగేది ఇంతవరకే.

నీ మొదటి పాయింటు, ఇప్పటివాళ్లు భారీ మనుషులు, పాతవాళ్లు వీళ్ల ముందు ఆగలేరు అన్నది. ఈ మాట ఉసిక్ తరఫున ఎలా వాడుతున్నావో నాకు అర్థం కాలేదు. ఉసిక్ ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. అలీ ఎత్తూ అంతే, పాత ఛాంపియన్ లారీ హోమ్స్ ఎత్తూ అంతే. 2024 డిసెంబర్‌లో రియాద్‌లో రెండోసారి తలపడినప్పుడు ఉసిక్ బరువు 226 పౌండ్లు, బ్రిటన్ బాక్సర్ ఫ్యూరీ బరువు 281. అంటే 25 కిలోల తేడా. అంత పెద్ద మనిషి మీద ముగ్గురు జడ్జీల దగ్గరా 116-112తో గెలిచాడు. బరువే గెలిపిస్తుందని నువ్వంటే నీ మనిషే నిన్ను ఓడిస్తున్నాడు. వెనక్కి వెళ్లి చూసినా ఇదే కథ. 1919లో జెస్ విలార్డ్ ఆరడుగుల ఆరంగుళాల పైన ఉంటాడు, జాక్ డెంప్సీ 190 పౌండ్లు కూడా లేడు. మొదటి రౌండ్‌లోనే విలార్డ్ ఏడుసార్లు కిందపడ్డాడు. 1935లో 260 పౌండ్ల కార్నెరాని జో లూయిస్ ఆరో రౌండ్‌లో ముగించాడు.

ఒక్క 1950ల ఛాంపియన్ మార్సియానో విషయంలో నీ మాట ఒప్పుకుంటాను. 185 పౌండ్ల మనిషి ఇవాళ హెవీవెయిట్‌కి కింది తరగతి అయిన క్రూజర్‌వెయిట్‌లో ఆడతాడు, హెవీవెయిట్ జోలికి రాడు. కానీ ఆ కాలంలో క్రూజర్‌వెయిట్ అనేదే లేదు. ఉన్నవాళ్లతో ఆడాడు, అందరినీ ఓడించాడు, 49-0తో 1956లో తప్పుకున్నాడు.

ఓటమి లేకపోవడం గురించి. 2025 జూలైలో లండన్ వెంబ్లీలో బ్రిటన్ బాక్సర్ డుబ్వాని అయిదో రౌండ్‌లో పడగొట్టేసరికి ఉసిక్ లెక్క 24కి 24. గొప్పే. కానీ సున్నా చూసి మురిసిపోతే మార్సియానోని అందరికంటే పైన పెట్టాలి, అలా పెట్టేవాళ్లు తక్కువే. జో లూయిస్ 1936లో ష్మెలింగ్ చేతిలో నాకౌట్ అయ్యాడు. రెండేళ్లకి యాంకీ స్టేడియంలో అదే ష్మెలింగ్‌ని మొదటి రౌండ్‌లోనే ముగించాడు. లెనాక్స్ లూయిస్ మెకాల్ చేతిలో, రహ్మాన్ చేతిలో ఓడి, ఇద్దరినీ మళ్లీ పిలిచి కొట్టాడు. ఓడినవాడు తిరిగొచ్చి ఏం చేశాడో అది కూడా కార్డు మీద పడుతుంది. ఉసిక్‌కి ఆ అవసరమే రాలేదు, అది అతని తప్పు కాదు. కానీ అతని సున్నాని పట్టుకుని వాళ్ల ఓటముల్ని ఎత్తిపొడవకు.

ఇప్పుడు ఉసిక్ గొప్పతనం నాకు ఎక్కడ కనిపిస్తుందో చెప్తాను, ఎందుకంటే నువ్వు చెప్పింది బెల్టులూ రికార్డులే, అతని కాళ్ల గురించి ఒక్క మాట లేదు. ఈసారి చూసేటప్పుడు చేతులు వదిలేసి కాళ్లే చూడు. ఎడమచేతి వాటం కాబట్టి కుడికాలు ముందుంటుంది. ఆ కుడికాలిని ఎదుటివాడి ఎడమపాదానికి బయటివైపు పెడతాడు. దాంతో అతని ఎడమచేతికి తిన్నగా దారి దొరుకుతుంది, ఎదుటివాడి కుడిచేయి దూరమవుతుంది. అది ఎడమచేతివాటం వాళ్లందరూ చేసేదే. ఉసిక్ దానితో ఆగడు. పెద్ద మనిషి గట్టిగా కొట్టాలంటే ముందు రెండు పాదాలూ నేలమీద కుదురుకోవాలి. వాడు కుదురుకునేలోపే ఇతను అరడుగు జరుగుతాడు. వాడు మళ్లీ తిరగాలి, మళ్లీ కుదురుకోవాలి. ఈలోగా కుడిచేత్తో గ్లవ్స్ మీద టక్‌టక్‌మని తడుతూనే ఉంటాడు. వాటికి పాయింటు రాదు, ఎదుటివాడి చూపు మాత్రం చెదురుతుంది. మొదటి నాలుగైదు రౌండ్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఎనిమిదో రౌండ్‌కి ఎదుటివాడి కాళ్లు బరువెక్కుతాయి. ఉసిక్ అప్పుడు మొదలుపెడతాడు.

2024 మే 18న ఫ్యూరీతో మొదటి ఫైట్ అచ్చం ఇలాగే నడిచింది. మధ్య రౌండ్లలో ఫ్యూరీ ఉసిక్‌ని పొట్టమీదా గడ్డం కిందా బాగా కొట్టాడు, ఆరో రౌండ్‌లో నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. తొమ్మిదో రౌండ్ చివర్లో ఉసిక్ ఎడమచేయి తగిలింది. ఫ్యూరీ ఆ తాడు మీంచి ఈ తాడు మీదకి తూలుతూ పోయాడు, ఉసిక్ వదలకుండా వెంటపడి కొట్టాడు. తాళ్లు లేకపోతే పడిపోయేవాడేనని రిఫరీ కౌంట్ చెప్పాడు. జడ్జిగా చెప్తున్నా విను, మొత్తం ఫైట్ ఆ కౌంట్ మీదే తేలింది. ఒకరు 115-112, ఒకరు 114-113 ఉసిక్‌కి ఇచ్చారు, మూడో జడ్జి 114-113 ఫ్యూరీకి. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9, కౌంట్ పడితే 8. కౌంట్ వల్ల ఆ రౌండ్ 10-8 అయింది. కౌంట్ లేక 10-9 అయితే రెండో జడ్జి కార్డు 114-114. అప్పుడు ఒకటి ఉసిక్‌కి, ఒకటి ఫ్యూరీకి, ఒకటి సమానం, ఫైట్ డ్రా. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత హెవీవెయిట్ బెల్టులన్నీ ఒక్క మనిషి దగ్గరికి చేరింది ఆ ఒక్క పాయింటుతో. అందుకే రెండో ఫైట్ నా లెక్కలో మొదటిదానికంటే పెద్దది. అందులో అనుమానానికి చోటు లేదు.

ఇంకోటి కూడా అతని ఖాతాలో రాయాలి. ఉసిక్ పెద్ద ఫైట్లు ఎన్నో పరాయి ఊరికి వెళ్లి గెలిచాడు. గ్లోవాట్స్కీని పోలెండ్‌లో, బ్రియెడిస్‌ని రీగాలో, బెల్యూని మాంచెస్టర్‌లో, జాషువానీ డుబ్వానీ లండన్‌లో. సింఫెరోపోల్‌లో పుట్టినవాడు 2018లో మాస్కో వెళ్లి గాసియెవ్‌ని ఓడించి క్రూజర్‌వెయిట్ బెల్టులన్నీ తెచ్చుకున్నాడు. ఎదుటివాడి జనం అరుస్తుంటే జడ్జి చెవి మీద ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. ఆ మాస్కో ఫైట్ కార్డుల్లో ఒకటి 120-108. అంటే పన్నెండు రౌండ్లూ అతనివే.

మరి ఇంత చెప్పి పైన ఎందుకు పెట్టను? హెవీవెయిట్‌లో అతను ఆడినవి వెంబ్లీ దాకా ఎనిమిదే ఫైట్లు. అందులో ఆరు ముగ్గురితో, జాషువా, ఫ్యూరీ, డుబ్వాలతో రెండేసి. జాషువా అప్పటికే రూయిజ్ చేతిలో కిందపడి లేచినవాడు. ఫ్యూరీ 35 ఏళ్లవాడు, అంతకు కొన్ని నెలల ముందే బాక్సింగ్‌కి కొత్తయిన ఎన్‌గానూ అతన్ని ఒకసారి పడగొట్టాడు. ఇప్పుడు 1974లో కిన్షాసాలో అలీ, ఫోర్‌మన్ ఫైట్ చూడు. ఫోర్‌మన్‌కి 25 ఏళ్లు, 40కి 40 గెలిచాడు, ఫ్రేజియర్‌నీ నార్టన్‌నీ రెండేసి రౌండ్లలో ముగించి వచ్చాడు. అలీకి 32. ఎనిమిదో రౌండ్‌లో ఫోర్‌మన్ కిందపడ్డాడు. అంతకుముందు లిస్టన్, తర్వాతి ఏడాది మనీలాలో పద్నాలుగు రౌండ్లు ఫ్రేజియర్. ఇలాంటి పేర్లు మరో హెవీవెయిట్ కార్డు మీద లేవు. అలీ అయిదుసార్లు ఓడాడు, నార్టన్‌తో మూడో ఫైట్ అతనికివ్వడం నాకూ నచ్చదు. అవి తీసేసినా పైనే ఉంటాడు. జో లూయిస్ దాదాపు పన్నెండేళ్లు టైటిల్ పట్టుకుని 25 సార్లు కాపాడుకున్నాడు. ఆ అంకెని ఇంకా ఎవరూ దాటలేదు.

అలీ 1967లో యుద్ధానికి పోనన్నందుకు మూడేళ్లకు పైగా రింగుకి దూరమయ్యాడు. ఉసిక్ 2022లో కీవ్‌లో తుపాకీ పట్టి కాపలా కాసి, తర్వాత వచ్చి జాషువాని రెండోసారి ఓడించాడు. ఇద్దరికీ దండం పెడతాను. కార్డు మీద మాత్రం రెండూ రాయను. అలీ ఆడని ఏళ్లలో ఎంతమందిని కొట్టేవాడో ఊహించి కలిపితే నా పద్ధతి నేనే చెడగొట్టినట్టు.

ఈ పద్ధతి నాకు మింగుడుపడని చోటు ఒక్కటే. శామ్ లాంగ్‌ఫర్డ్ అని ఒకడున్నాడు, వందేళ్ల కిందటి మనిషి. తన కాలంలో అందరూ భయపడిన బాక్సర్. నల్లవాడు కావడంతో హెవీవెయిట్ టైటిల్ ఫైట్ ఒక్కటీ దక్కలేదు. హ్యారీ విల్స్‌కీ అంతే, డెంప్సీతో ఫైట్ కోసం ఏళ్లు ఎదురుచూశాడు, రాలేదు. మొదటి నల్లజాతి ఛాంపియన్ జాక్ జాన్సన్ కూడా టైటిల్ వచ్చాక లాంగ్‌ఫర్డ్‌కి అవకాశం ఇవ్వలేదు. తగిలిన పంచ్‌కే పాయింటంటే వీళ్లకి నేనేం రాయాలి? వేయనివ్వలేదు కదా. వీళ్లని వరుసలో పెట్టను, అలాగని వదిలేయను. పక్కన ఇంకో కాగితం మీద పేర్లు రాసి పెట్టుకున్నాను. నువ్వూ వాళ్ల గురించి చదువు, అలీ, ఉసిక్ అంటూ కొట్లాడే ముందు.

నా వరుస ఇది. అలీ, జో లూయిస్, తర్వాత హోమ్స్, లెనాక్స్ లూయిస్, ఫోర్‌మన్, మార్సియానో. ఆ తర్వాత ఉసిక్, హోలీఫీల్డ్ పక్కపక్కన. క్రూజర్‌వెయిట్‌లో అన్నీ గెలిచి హెవీవెయిట్‌లోనూ అన్నీ గెలిచింది ఆ ఇద్దరే. హోలీఫీల్డ్ చిన్న ప్రత్యర్థుల్ని ఏరుకోలేదు, టైసన్‌ని రెండుసార్లు ఓడించాడు, రిడిక్ బౌ అనే బాక్సర్‌తో మూడుసార్లు తలపడి ఒకటి గెలిచాడు. ఓటములు ఎక్కువే. ఉసిక్‌కి వెంబ్లీ దాకా ఒక్కటీ లేదు. ఇవాళ అడిగితే వెంట్రుకవాసిలో ఉసిక్‌ని ముందు పెడతాను. మీ నాన్న మైక్ టైసన్‌ని మొదట పెట్టాలంటారు. 1986 నుంచి 88 దాకా అయితే ఆయన మాట నిజమే, ఆ తర్వాత డగ్లస్, హోలీఫీల్డ్, లెనాక్స్ లూయిస్ ముగ్గురూ అతన్ని ఆపేశారు.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. ఒక పని చెయ్యి. ఉసిక్, ఫ్యూరీ మొదటి ఫైట్ మళ్లీ పెట్టుకో, సౌండ్ పూర్తిగా తీసెయ్. కామెంటేటర్లు చెప్పింది వింటే నీ కన్ను వాళ్లదవుతుంది. రౌండ్ అవ్వగానే ఆపి కాగితం మీద రాయి, వెనక్కి తిప్పి దిద్దొద్దు. అదే రోజు కాకుండా మర్నాడు కిన్షాసా ఫైట్ అలాగే రాయి. రెండు కాగితాలూ ఫొటో తీసి పంపు. నాలుగో రౌండ్, ఏడో రౌండ్ ఎవరికిచ్చావో నాకు చూడాలనుంది, అక్కడే నీకూ నాకూ తేడా వస్తుందని అనుకుంటున్నా.

చలి మొదలైందన్నావు, పొద్దున పరుగుకి వెళ్లేటప్పుడు చెవులు కప్పుకో.

మీ అమ్మ