తట్టు టీకా, మా మరదలి ప్రశ్న

హైదరాబాద్

ప్రియమైన సుభద్రకు,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. అమ్మ కులాసాగానే ఉంది, మోకాళ్ళ నొప్పి మాత్రం తగ్గలేదు. ఇల్లు మారడం వాయిదా పడింది. మిగతా కబుర్లు తర్వాత. ఈ ఒక్క సంగతీ నీకు చెప్పేదాకా నా మనసు నిలవదు.

నల్లకుంటలో ఉన్న మా తమ్ముడి పాపకు వరుస జలుబుల వల్ల ఆలస్యమై, ఏడాది దాటాక తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు వేయించారు. ఆ రోజు ఏమీ కాలేదు. మరుసటి వారం ఒక రాత్రి హఠాత్తుగా జ్వరం పెరిగి, పాప కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. ఆసుపత్రికి చేరేలోపే ఫిట్స్ ఆగిపోయాయి, తెల్లవారేసరికి ఆడుకుంటోంది. అయినా పాపను ఒళ్ళో పట్టుకున్న మరదలి వణుకు తగ్గలేదు. "ఆరోగ్యంగా ఉన్న పిల్లకు మన చేతులతో మనమే చేసుకున్నాం, ఇక ఏ టీకా వద్దు" అంది. ఆ మాటకు నేను అడ్డు చెప్పలేకపోయాను, సుభద్రా. రాని జబ్బు కన్నా కళ్ళెదుట జరిగినదే తల్లికి పెద్దగా కనబడుతుంది.

పిల్లల డాక్టరు గారు ఆమె భయాన్ని తీసిపారేయలేదు, అందుకు ఆయనకు నమస్కరించాలి. ఈ టీకా తాలూకు జ్వరం వారం, పది రోజుల తర్వాతే వస్తుందనీ, మూడు నాలుగు వేల డోసులకు ఒకసారి ఇలాంటి జ్వరపు ఫిట్స్ రావచ్చనీ, అవి సాధారణంగా మెదడుకు హాని మిగల్చవనీ, వాటి కారణంగా రెండో డోసు ఆపనక్కరలేదనీ విడమరిచి చెప్పారు. అప్పుడు నేను నీ తరఫున "మరి జబ్బే వస్తే, ఎంతమందిలో ఒకరికి ముప్పు?" అని అడిగాను. (ఏ లెక్క విన్నా ‘ఎంతమందిలో?’ అని కింది అంకె అడిగే హారం గారూ, అచ్చం మీ గొంతుతోనే!) తట్టు సోకిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో దాదాపు ఒకరికి మెదడువాపు వస్తుందనీ, ఒకరి నుంచి ముగ్గురి దాకా చనిపోవచ్చనీ ఆయన చెప్పారు.

మరదలు వెంటనే అందుకుంది: "టీకా అందరికీ వేస్తారు, తట్టు అందరికీ రాదు కదా, ఆ రెండు లెక్కలూ ఎలా పోలుస్తారు?" ఎంత సరైన ప్రశ్నో చూడు! జబ్బు సోకే అవకాశం ఎంతో కూడా లెక్కలోకి రావలసిందే. అయితే టీకా లేనివాళ్ళు రోగికి దగ్గరగా మసిలితే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకునే జబ్బు ఇది. 2022లో ముంబైలో ప్రబలి పసిప్రాణాలను తీసింది.

ఆ రాత్రంతా నేను పోలియో చుక్కల గురించే ఆలోచించాను. ఆ చుక్కల్లోని సజీవ వైరస్ లక్షల డోసులకు ఒకసారి పక్షవాతం తెచ్చేది. పోలియో ఊరూరా పిల్లల కాళ్ళు లాగేస్తున్న కాలంలో ఆ ముప్పును భరించక తప్పలేదు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో కేసు లేకపోవడంతో తూకం మారింది. 2015లో సజీవ వైరస్ లేని ఇంజెక్షన్ టీకా వచ్చింది, 2016 ఏప్రిల్‌లో చుక్కల్లోంచి రెండో రకం పోలియో వైరస్‌ను తీసేశారు. ఆ జూన్‌లోనే మన నగరపు మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ కనబడితే, ఇక్కడా రంగారెడ్డి జిల్లాలోనూ దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్లు వేశారు. అరుదైన హానిని కూడా ఎవరో లెక్కపెడుతూనే ఉన్నారన్న మాట మరదలికి నా మాటలన్నిటికన్నా ఎక్కువ ధైర్యాన్నిచ్చింది. తట్టు విషయంలో తూకం అలా మారే రోజు ఇంకా రాలేదు, వస్తే అప్పుడు...

తమ్ముడు వచ్చేశాడు. పాపకు రెండో డోసు ఈ రోజే, మరదలే నన్ను తోడు రమ్మంది. మీ అమ్మాయి అడిగిన బీసీజీ (క్షయ టీకా) సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
వసుధ