డ్రాగన్స్ డాగ్మా 2: మెప్పులోనే అసంతృప్తి

సంపాదకులకు,

2012 నాటి వీడియో గేమ్‌కు కొనసాగింపుగా 2024 మార్చి 22న జపాన్ సంస్థ క్యాప్‌కామ్ విడుదల చేసిన ‘డ్రాగన్స్ డాగ్మా 2’పై ఆటగాళ్ల అభిప్రాయాలు రెండుగా చీలడంలో ఆశ్చర్యమేమీ లేదు. దారిలో హఠాత్తుగా వాలిన గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న రెక్కల మృగం) వీపు పట్టుకుని కత్తితో పొడుస్తుండగానే అది గాల్లోకి లేచి మనల్ని ఎక్కడికో మోసుకుపోవడం, మరొకరి ఆటలో తిరిగి వచ్చిన ‘పాన్’ అనే సహచరుడు తాను చూసిన దారిని మనకు చూపడం (చెప్పిన మాటే చెప్పి విసిగిస్తాడనుకోండి) అరుదైన అనుభవాలు. అయితే జనం కిక్కిరిసిన నగరంలోకి అడుగుపెట్టగానే ప్రాసెసర్‌పై భారం పెరిగి ఆట నత్తనడక నడవడాన్ని చాలామంది హర్షించలేదు. ప్రయాణ కష్టాన్నే ఆటకు ప్రాణంగా మలిచి, ఆ కష్టాన్ని తగ్గించే పోర్ట్‌క్రిస్టల్‌ను (పెట్టిన చోటికి క్షణంలో చేరుకునే వీలు కల్పించే స్ఫటికాన్ని) విడుదలనాడే విడిగా అమ్మకానికి పెట్టడం మాత్రం ఏ విధంగానూ సబబు కాదు.

– ఒక పాఠకుడు