రాడ్డును కాదు, పైపును చూడు

తిరుపతి,
ఆదివారం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నీ బండి టర్బో (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే యంత్రం) యాక్చువేటర్ రాడ్డును రెండు చుట్లు బిగించాక బూస్ట్, అంటే ఆ నెట్టే గాలి ఒత్తిడి, పెరిగిందనీ, ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) వాక్యూమ్ మాత్రం పాదరసం కొలతలో 20 అంగుళాల నుంచి 16కు పడిపోయిందనీ రాశావు. మొదటిదానికి రాడ్డు కారణం కావచ్చు గానీ, రెండవ దోషాన్ని కూడా దాని మీదే వేయడం నాకు సరిగా తోచలేదు.

వేస్ట్‌గేట్ అంటే పొగను టర్బైన్ (టర్బోలో పొగ తిప్పే చక్రం) తగలకుండా పక్కదారిన పంపే మూత; దాన్ని రాడ్డుతో తెరిచేది యాక్చువేటర్. బిగించి రాడ్డు పొట్టిదయ్యే కొద్దీ యాక్చువేటర్‌లోని స్ప్రింగ్ వేస్ట్‌గేట్ మూతను మరింత గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని తెరవడానికి ఎక్కువ బూస్ట్ కావలసి వస్తుంది కనుక, అంతవరకూ ఎగ్జాస్ట్ పొగ అంతా టర్బైన్ మీదుగానే పోతుంది. ఐడ్లింగ్‌లోనైతే ఆ పొగకు బూస్ట్ పుట్టించేంత బలమే ఉండదు. అప్పుడు వాక్యూమ్ పుట్టేది, దాదాపు మూసుకున్న థ్రాటిల్‌కు (గాలిదారిలోని తలుపుకు) ఇవతల, ఇంజన్ వైపున, పిస్టన్లు గాలిని లాగడం వల్లనే. మన కొండదారిలోనే ఇది కనిపిస్తుంది: రెండవ ఘాట్ రోడ్డు ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కితే గేజీ సూది బూస్ట్ వైపు పోతుంది, మొదటి ఘాట్ రోడ్డులో గేరు మీదే దిగుతూ కాలు తీసేస్తే వాక్యూమ్ ఐడ్లింగ్‌ కంటే కూడా పెరుగుతుంది. తిరుమలలో బండి ఆపి చూస్తే రెండు మూడు అంగుళాలు తగ్గి కనిపించడం సహజమే, ఎందుకంటే ప్రతి 1,000 అడుగుల ఎత్తుకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. కానీ నీవు రెండు కొలతలూ చిత్తూరులో మీ ఇంటి ముంగిట్లోనే తీసుకున్నావు.

నీ బండిలో యాక్చువేటర్‌కు వెళ్ళే సన్నని పైపు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) నుంచే బయలుదేరుతుందని ఆనాడు బానెట్ ఎత్తినప్పుడు చూశాను. ఆ పైపు చీలితే ఐడ్లింగ్‌లో బయటి గాలి లోపలికి చొరబడి వాక్యూమ్ తగ్గుతుంది. బూస్ట్ వచ్చినప్పుడు అదే చీలికలోంచి గాలి బయటికి పోయి, యాక్చువేటర్‌లో ఒత్తిడికి కదిలే పొరకు, అంటే డయాఫ్రంకు, ఒత్తిడి చాలక మూత ఆలస్యంగా తెరుచుకుంటుంది. నీవు చెప్పిన రెండు లక్షణాలకూ ఈ ఒక్క చీలిక చాలు. నిరుటి ఎండాకాలంలో నా బండికీ ఇలాగే జరిగింది. రాడ్డును మూడుసార్లు అటూ ఇటూ తిప్పాక గానీ క్లిప్పు కింద దాగిన చీలిక నా కంటబడలేదు.

బావగారి డీజిల్ బండితో దీన్ని పోల్చుకోకు. అందులో వాక్యూమ్‌ను పంపు పుట్టిస్తుంది. యాక్చువేటర్ ఆ వాక్యూమ్‌తోనే నడిచే రకమైతే, పైపు చీలినప్పుడు బూస్ట్ పెరగడానికి బదులు తగ్గుతుంది.

దయచేసి ముందు రాడ్డును పాత గుర్తుకు తెచ్చి, పైపు మార్చు. మూత తెరుచుకోక బూస్ట్ హద్దు దాటితే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్లకే ముప్పు వస్తుంది, నా భయమంతా అదే. అంతవరకూ బండిని గట్టిగా తోలకు. తరువాత కూడా బూస్ట్ చాలదనిపిస్తే, ఒక్కోసారి అర చుట్టు మాత్రమే బిగించి గేజీ చూడు. కొత్త పైపు వేశాక సూది ఎక్కడ నిలిచిందో వెంటనే రాయి.

నీ మిత్రుడు